డిష్ బిల్లు దించుదాం... టీవీ కళ్ళు మూద్దాం!

చూడని చానళ్ళకు డబ్బు కడుతున్నాం. చూసినవాటి లెక్క ఎవరికో అప్పజెబుతున్నాం. బిల్లు తగ్గించుకునే హక్కు, ఇంటి గుట్టు కాపాడుకునే మీట రెండూ మన దగ్గరే ఉన్నాయి. వాటిని వాడుకోవడమే తరువాయి.

"ఏం బాబూ, పోయిన నెల మూడొందలే కదా తీసుకున్నావ్. ఈ నెల మూడొందల యాభై అంటావేంటి?"

"పైనుంచే పెంచారండీ అమ్మగారూ. చానళ్ళోళ్ళు పెంచితే మేమేం చేస్తాం?"

"ఆ చానళ్ళన్నీ మా ఇంట్లో ఎవరు చూస్తున్నారు?"

"ప్యాకులో వస్తాయండీ. తీసేస్తే మీ సీరియల్ కూడా పోద్ది."

నెల మొదటి వారంలో తిరువూరు బోసుబొమ్మ సెంటర్ చుట్టుపక్కల ఏ వీధిలో నిలబడ్డా ఇలాంటి మాటలు చెవిన పడతాయి. చివరికి ఆవిడ విసుక్కుంటూనే డబ్బిస్తుంది. అబ్బాయి ఫోన్లో ఏదో నొక్కి పక్కింటికి వెళ్ళిపోతాడు. రసీదు సంగతి ఇద్దరికీ గుర్తురాదు. ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని, విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారి మీద ఉన్న ఈ మామిడితోటల పట్నం ఒక్కదానికే వచ్చిన ఇబ్బంది కాదిది. నూజివీడులో ఇదే తంతు, సత్తుపల్లిలోనూ ఇదే. డాలస్‌లో కూర్చుని అమ్మానాన్నల డిష్ రీచార్జ్ చేసే కొడుక్కీ ఇదే తలనొప్పి.

ఆ అబ్బాయి చెప్పిన మూడు మాటల్లో మొదటిది సగమే నిజం. రెండోది నిజమే కానీ తప్పనిసరి కాదు. మూడోది అసలు నిజం కాదు. అతను కావాలని చెప్పాడనుకోనక్కర్లేదు, అతనికీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. నిబంధనలు మాత్రం వేరేగా ఉన్నాయి.

బిల్లును మూడు ముక్కలు చేస్తే

కేబుల్ అయినా, గొడుగు డిష్ అయినా బిల్లులో ముఖ్యంగా ఉండేవి మూడు ముక్కలు. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. అంటే మన ఇంటిదాకా సిగ్నల్ తెచ్చినందుకు ఇచ్చే కూలి. రెండోది మనం ఎంచుకున్న పే చానళ్ళ ధర. మూడోది ఈ రెండింటి మీదా పడే 18 శాతం జీఎస్టీ.

ఈ లెక్కను దేశం మీదికి తెచ్చింది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్. 2017 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు కోర్టుల చుట్టూ తిరిగి 2018 డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. 2019 ఫిబ్రవరి నాటికి ఇళ్ళ దాకా చేరింది. అంతకుముందు ఆపరేటర్ ఇచ్చిందే ప్యాకు, అడిగిందే రేటు. కొత్త పద్ధతిలో ప్రతి చానల్‌కూ విడిగా ధర ప్రకటించాలి. ఏ చానలైనా ఒక్కటి కావాలంటే ఆ ఒక్కటే ఇవ్వాలి. ఉచిత చానల్‌కు చానల్ రుసుం ఉండకూడదు.

2019 జనవరి ధరలతో ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. స్టార్ మా, జీ తెలుగు, జెమినీ తలా 19 రూపాయలు, ఈటీవీ 17. నాలుగూ కలిపి 74. నూరు చానళ్ళ వరకు కెపాసిటీ ఫీజు గరిష్ఠంగా 130. మొత్తం 204 రూపాయలకు జీఎస్టీ 36 రూపాయల 72 పైసలు. అంతా కలిపి 240 రూపాయల 72 పైసలు. తెలుగు వార్తా చానళ్ళలో చాలావరకు ఉచితమే కాబట్టి అవి ఆ నూరులోనే వచ్చేసేవి. నాలుగు పెద్ద వినోద చానళ్ళతో, ఇష్టమొచ్చినన్ని వార్తలతో ఒక ఇల్లు గడవడానికి అప్పట్లో అయ్యే ఖర్చు ఇది. ఇప్పటి ధరలు వేరు. కానీ మీ బిల్లు చూసుకునే పద్ధతి మాత్రం ఇదే.

ఆ తర్వాత నిబంధనలు మూడుసార్లు మారాయి. 2020లో అదే 130 రూపాయలకు 200 చానళ్ళు ఇవ్వాలన్నారు. అదే ఇంట్లో రెండో టీవీ ఉంటే దానికి కెపాసిటీ ఫీజులో 40 శాతం మించి తీసుకోకూడదన్నారు. 2022 నవంబరులో ప్యాకులో కలిపే చానల్ గరిష్ఠ ధరను 19 రూపాయలుగా ఖాయం చేశారు. ఆ కొత్త ధరల ఒప్పందాల మీద పేచీ వచ్చి 2023 ఫిబ్రవరిలో పెద్ద చానళ్ళ సంస్థలు కొన్ని కేబుల్ నెట్‌వర్కులకు సిగ్నళ్ళే ఆపేశాయి. "మా చానల్ రావట్లేదు" అని దేశమంతా ఇళ్ళల్లో గోల గోలైంది. 2024 జులైలో ట్రాయ్ కెపాసిటీ ఫీజు మీదున్న గరిష్ఠ పరిమితిని పూర్తిగా ఎత్తేసింది. ఇప్పుడు ఆ ఫీజు ఎంతో ఆపరేటరే నిర్ణయించుకోవచ్చు. కాకపోతే దాన్ని బహిరంగంగా ప్రకటించాలి, చందాదారుడికి తెలియజెప్పాలి.

"పైనుంచే పెంచారండీ" అన్నది సగమే నిజమని చెప్పింది ఇందుకే. చానల్ ధర పైనుంచి పెరగొచ్చు. కెపాసిటీ ఫీజు మాత్రం మన ఆపరేటర్ చేతిలోది. బేరమాడే చోటు అదే.

ప్యాకా, విడి చానళ్ళా?

ప్యాకు చెడ్డదేమీ కాదు. మనం చూసేవి అందులో ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న. ప్యాకులోని చానళ్ళ విడి ధరలన్నీ కలిపి చూస్తే ప్యాకు ధర గరిష్ఠంగా 45 శాతం తక్కువ ఉండొచ్చని నిబంధన. విడి ధరలు కలిపి 60 రూపాయలయ్యే ప్యాకు అనుకుందాం. గరిష్ఠ రాయితీ ఇస్తే అది 33 రూపాయలకు వస్తుంది. అందులో మీరు చూసేది 19 రూపాయల చానల్ ఒక్కటే అయితే విడిగా కొన్నప్పుడు 14 మిగులుతుంది. 19 రూపాయలవి రెండు చూస్తే విడిగా 38 అవుతుంది, అప్పుడు ప్యాకే నయం. అంటే సూత్రం చిన్నదే. మీరు చూసే చానళ్ళ విడి ధరలు కూడండి, ప్యాకు ధరతో పోల్చండి, తక్కువది తీసుకోండి.

కూడిక కంటే కష్టమైన పని మరొకటుంది. ఇంట్లో నిజంగా ఎవరేం చూస్తున్నారో తెలుసుకోవడం. "మేం స్పోర్ట్స్ చూస్తాం" అని మగవాళ్ళు గట్టిగా అంటారు. తీరా చూస్తే ఐపీఎల్ రెండు నెలలు తప్ప ఆ చానల్ జోలికెవరూ పోరు. టీవీ పక్కన కాగితం, పెన్ను పెట్టి రెండు వారాలపాటు ఎవరు ఏ చానల్ పెడితే వాళ్ళే పేరు రాయాలని ఇంట్లో రూలు పెట్టండి. చాలా ఇళ్ళల్లో ఆ జాబితా పది దాటదు. క్రీడా చానల్‌ను సీజన్‌లో పెట్టించుకుని, అయ్యాక తీయించుకోవచ్చు. పిల్లల చానల్‌ను వేసవి సెలవులకే ఉంచుకోవచ్చు.

హెచ్‌డీ సంగతి కూడా చూసుకోండి. ఒకే చానల్ మామూలు రూపంలోనూ, హెచ్‌డీలోనూ ఉంటే రెండింటినీ ఒకే ప్యాకులో పెట్టకూడదని నిబంధన ఉంది. అయినా రెండు వేర్వేరు ప్యాకుల ద్వారా రెండూ వచ్చి కూర్చునే అవకాశముంది. పాత టీవీకి మామూలు సెట్‌టాప్ బాక్సు ఉన్న ఇంట్లో హెచ్‌డీ చానల్‌కు కట్టే డబ్బు గాలికి పోయినట్టే.

పండక్కో, అమెరికాలో కూతురు పురిటికో నెలల తరబడి ఇల్లు తాళం వేసి వెళ్ళేవాళ్ళు తాత్కాలికంగా సర్వీసు ఆపమని ముందే అడగొచ్చు. ఇదీ చందాదారుడి హక్కే. ఆపడానికి, మళ్ళీ మొదలుపెట్టడానికి ఏమైనా రుసుం ఉందేమో ముందే కనుక్కోండి. ఆరు నెలలకో, ఏడాదికో ఒకేసారి కడితే తగ్గింపు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు, బదిలీ ఉద్యోగులు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఒక్క ఫోన్ నంబరు

బిల్లూ, గోప్యతా కలిసే చోటు ఒకటుంది. అదే రిజిస్టర్డ్ మొబైల్ నంబరు. మీ కనెక్షన్ వివరాల్లో ఉన్నది ఎవరి నంబరో ఎప్పుడైనా చూశారా? కొన్ని ఇళ్ళల్లో అది ఎప్పుడో ఆపేసిన సిమ్‌ది. కొన్నిచోట్ల కనెక్షన్ ఇచ్చిన రోజు పని త్వరగా అయిపోవాలని వచ్చిన కుర్రాడే తన నంబరు కొట్టేసి ఉంటాడు. ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. ప్యాకు మారినట్టు మెసేజ్ కూడా దానికే. మీ పేరు మీద, మీ డబ్బుతో నడిచే కనెక్షన్‌లో మీకు తెలియకుండా మార్పులు జరిగేది ఇలాగే.

ముందు ఆ నంబరును మీదిగా మార్పించండి. ఆ తర్వాత ఆపరేటర్ యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో మీ అంతట మీరే చానళ్ళు తీసేయొచ్చు, చేర్చుకోవచ్చు. మీరు అడగకుండా కొత్త చానళ్ళు వచ్చి చేరితే నిలదీసే ఆధారం కూడా దొరుకుతుంది. కనెక్షన్ కోసం ఆధార్ జిరాక్స్ అడిగితే ఉడాయ్ వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ తీసి ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆ కాగితం మీద ఎందుకిస్తున్నారో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి.

గొడవ వస్తే మెట్లున్నాయి. ముందు కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే నోడల్ అధికారికి రాయాలి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ కాకుంటే విజయవాడలో ఉన్న వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కేసులకు ఫీజు లేదు. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా విచారించదు, కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడకండి.

మరో రెండు దారులు

తక్కువ ఖర్చు టీవీ అనగానే ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ఫైబర్‌నెట్ గుర్తొస్తుంది. 2016 చివర్లో తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామంలో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ ద్వారా నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామన్నది అప్పటి మాట. ఆ ధర తర్వాతి ఏళ్ళలో నిలవలేదు. అయినా కేబుల్, ఇంటర్నెట్ రెండింటికీ వేర్వేరుగా కడుతున్న ఇల్లు ఒకే తీగ మీద రెండూ తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కోవడం మంచిది. అది ఫైబర్‌నెట్ కావొచ్చు, ప్రైవేటు కంపెనీ కావొచ్చు.

రెండో దారి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీడిష్. 2004 డిసెంబరులో మొదలైంది. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలవారీ బిల్లే ఉండదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి, హిందీ చానళ్ళు బోలెడు వస్తాయి. తెలుగు సీరియళ్ళ కోసం చూసేవాళ్ళకు మాత్రం ఇది చాలదు. ఫ్రీడిష్‌లో ఉచితంగా వచ్చే చానల్‌ను ఇంకెక్కడా పే చానల్‌గా అమ్మకూడదని 2024లో ట్రాయ్ చెప్పింది. అందువల్ల పే చానళ్ళు అటు చూడవు. తోటలో కాపలా షెడ్డుకో, దుకాణానికో, వార్తలు మాత్రమే చూసే పెద్దవాళ్ళ గదికో ఇది సరిపోతుంది. ఫోన్లో డీడీ చానళ్ళు చాలనుకుంటే ప్రసారభారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్ ఉంది.

ఇంకో మాట. దేశంలో డబ్బు కట్టి డీటీహెచ్ చూసేవాళ్ళు ఒకప్పుడు 7 కోట్ల దాకా ఉండేవారు. 2025 నాటికి ఆ సంఖ్య 6 కోట్ల లోపుకు దిగింది. వెళ్ళిపోతామన్న ఖాతాదారుణ్ని ఆపుకోవాల్సిన అవసరం ఇప్పుడు కంపెనీలది. "కనెక్షన్ తీసేస్తాం" అని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చూడండి. మామూలుగా చెప్పని తగ్గింపులు అప్పుడు బయటికొస్తాయి.

ఆటోపే మరిచిపోతే

డిష్ బిల్లు కళ్ళెదుట కనబడుతుంది కాబట్టి దాని మీదే పోట్లాడతాం. ఓటీటీ బిల్లు కనబడదు. సంక్రాంతికి ఓ సినిమా కోసం ఒకటి, క్రికెట్ కోసం ఇంకొకటి, 2020 ఉగాదికి తెలుగు కోసమే వచ్చిన ఆహా మరొకటి. ఇలా చేరినవన్నీ ఆటోపేలో నెలనెలా కోసుకుంటూనే ఉంటాయి. పైగా డబ్బు కట్టినా ప్రకటనలు తప్పని రోజులొచ్చాయి. అమెజాన్ ప్రైమ్ 2025 జూన్ నుంచి మన దేశంలో ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దంటే అదనంగా కట్టమంది. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ఇక్కడ ధరలు తగ్గించింది, 2023 జులైలో ఒక ఇంటి పాస్‌వర్డ్ ఇంకో ఇంట్లో వాడకుండా కట్టడి చేసింది.

ఆటోపేకు పగ్గం వేసింది రిజర్వు బ్యాంకు. 2021 అక్టోబరు నుంచి ఇలాంటి వసూలుకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. వద్దనుకుంటే రద్దు చేసుకునే వీలుండాలి. మీరు వాడే యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి ఆటోపే లేదా మాండేట్స్ అన్నచోట చూడండి. ఎవరెవరికి ఎంతెంత అనుమతి ఇచ్చారో వరసగా కనిపిస్తుంది. అక్కడే ఆపేయొచ్చు. యాప్ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. చేరడం ఒక్క నొక్కులో, మానడం పది నొక్కుల్లో అన్నట్టు ఉచ్చు పన్నడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో అనుచిత పద్ధతిగా లెక్కగట్టింది. అలాంటిది ఎదురైతే ఆ 1915కే చెప్పాలి.

మనం టీవీని చూస్తుంటే...

ఇక రెండో బిల్లు. దీన్ని డబ్బుతో కట్టం.

టీఆర్పీ రేటింగులు మనకు తెలిసినవే. బార్క్ సంస్థ దేశంలో యాభై వేలకు పైగా ఇళ్ళల్లో మీటర్లు పెట్టి ఎవరేం చూస్తున్నారో కొలుస్తుంది. ఆ ఇంటివాళ్ళకు మీటరు సంగతి తెలుసు, ఒప్పుకున్నాకే పెడతారు, వాళ్ళెవరో బయటికి చెప్పరు. స్మార్ట్ టీవీ కొన్న ఇంటికి మాత్రం అలాంటి పని చేసే సాఫ్ట్‌వేరు పెట్టెతోపాటే వచ్చేస్తుంది. కొత్త టీవీ పెట్టిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి "త్వరగా పెట్టవయ్యా" అంటుంటే, మెకానిక్ అబ్బాయి వచ్చిన ప్రతి పేజీలోనూ అంగీకరిస్తున్నామని టకటకా నొక్కేస్తాడు. ఇంగ్లీషులో, సన్నని అక్షరాల్లో ఉన్న ఆ ఒప్పందం మనదే.

ఆ సాఫ్ట్‌వేరు పేరు ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్. తెర మీద ఆడుతున్న బొమ్మ నుంచో, శబ్దం నుంచో చిన్న చిన్న నమూనాలు తీసి కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. అక్కడున్న భారీ జాబితాతో పోల్చి ఈ ఇంట్లో ఇప్పుడు ఫలానా కార్యక్రమం నడుస్తోందని తేల్చేస్తారు. ఫోన్లో పాట వినిపిస్తే దాని పేరు చెప్పేసే యాప్ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. ఆ వివరాలతో మీ అభిరుచి తెలుసుకుని ప్రకటనలు చూపిస్తారు.

అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ ఇలా కోటీ పది లక్షల టీవీల నుంచి చూసేవారి అనుమతి లేకుండా వివరాలు సేకరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2017 ఫిబ్రవరిలో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్, మాడ్రిడ్‌లోని మూడో కార్లోస్ యూనివర్సిటీ పరిశోధకులు బ్రిటన్, అమెరికాల్లో శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించారు. బయటి పెట్టెను హెచ్‌డీఎంఐ తీగతో తగిలించి టీవీని ఉత్త తెరగా వాడినా ఈ గుర్తింపు నడుస్తూనే ఉందని తేల్చారు. మన ఇళ్ళల్లో సెట్‌టాప్ బాక్సును టీవీకి కలిపేది చాలావరకు ఆ తీగతోనే. అయితే సెట్టింగుల్లో వద్దని చెబితే ఆ రవాణా ఆగిపోయిందని కూడా ఆ పరిశోధకులే చెప్పారు. మీట పనిచేస్తుంది. దాన్ని నొక్కాలి, అంతే.

రిమోట్ తీసుకోండి

మోడల్‌ను బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి. శామ్‌సంగ్‌లో అయితే ప్రైవసీ విభాగంలో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్' అని ఉంటుంది. దాని పక్కన టిక్కు తీసేయండి. ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' అన్నదాన్ని ఆపేయండి, యూజర్ అగ్రిమెంట్స్‌లోకి వెళ్ళి చూసే వివరాలకు ఇచ్చిన అనుమతినీ వెనక్కి తీసుకోండి. కొన్ని సోనీ టీవీల్లో ఇదే పని 'సాంబా' పేరుతో నడుస్తుంది, దాన్నీ ఆపేయండి. గూగుల్, ఆండ్రాయిడ్ టీవీల్లో సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ తెరిచి ప్రకటనల గుర్తింపు సంఖ్యను తుడిచేయండి. ఫైర్ స్టిక్ ఉంటే ప్రిఫరెన్సెస్‌లో ప్రైవసీ సెట్టింగ్స్ కింద డివైస్ వాడకం, యాప్‌ల వాడకం, ఆసక్తిని బట్టి ప్రకటనలు అన్న మూడు మీటలూ ఆపేయండి. ఇవన్నీ ఆపినా సీరియల్ ఆగదు, సినిమా ఆగదు. ప్రకటనలూ పూర్తిగా పోవు. మన చూపుల లెక్క కట్టడం తగ్గుతుంది.

మైకు ఉన్న రిమోట్‌తో మాట్లాడే అలవాటు లేకపోతే ఆ సౌకర్యాన్నీ ఆపి ఉంచండి. పాత టీవీ అమ్మేటప్పుడు, మార్పిడి కింద షోరూమ్‌కు ఇచ్చేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా గడప దాటనివ్వకండి. లేకపోతే మీ అకౌంట్లన్నీ కొత్త యజమాని ఇంట్లో తెరుచుకుంటాయి.

కొడుకు అకౌంటు, అమ్మ టీవీ

తిరువూరు లాంటి ఊళ్ళల్లో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, సముద్రాల అవతలో ఉంటారు. పండక్కొచ్చినప్పుడు నాన్నగారి కొత్త టీవీలో తమ గూగుల్ అకౌంటు పెట్టేసి వెళ్తారు. ఆ రోజు నుంచి అమ్మ చూసే భక్తి ప్రవచనాలు కొడుకు ఫోన్లో సూచనలుగా వస్తాయి, కొడుకు చూసే వీడియోలు అమ్మ తెర మీద వరస కడతాయి. ఇది నవ్వుకునే సంగతే. కానీ ఆ అకౌంటుకు కార్డు జతై ఉంటే మనవడు రిమోట్‌తో ఆడుకుంటూ ఏదో ఒకటి కొనేయొచ్చు.

పద్ధతి తేలికైనదే. టీవీ కోసం విడిగా ఒక అకౌంటు తెరవండి, దానికి కార్డు జత చేయకండి. కొనుగోళ్ళకు పిన్ పెట్టండి. ఓటీటీల్లో ఎవరి ప్రొఫైల్ వాళ్ళకు వేరు చేసి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ తగిలించండి. పిల్లలకు పిల్లల ప్రొఫైలే ఇవ్వండి. యూట్యూబ్ చరిత్ర మూడు నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో అకౌంటు తెరిచి 'మేనేజ్ యాక్సెస్ అండ్ డివైసెస్' చూడండి. ఎప్పుడో బంధువుల ఇంట్లోనో, హోటల్ గదిలోనో తెరిచిన లాగిన్‌లు ఇంకా అక్కడే వేలాడుతుంటే అన్నింటినీ ఒకేసారి బయటికి పంపొచ్చు. ఆ వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. ఆ పాస్‌వర్డ్ మీ మెయిల్‌కో, బ్యాంకుకో వాడేది కాకూడదు.

చట్టం ఎటువైపు?

చూసేది సీరియలే కదా, ఎవరికి తెలిస్తే ఏంటి అనిపించొచ్చు. కానీ ఇంట్లో ఏ భాష, ఏ దేవుడు, ఏ పార్టీ వార్తలు, ఏ జబ్బు గురించిన కార్యక్రమం, రాత్రి ఎన్నింటిదాకా మేలుకుంటారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. మనిషి ఇంట్లో ఎలా ఉంటాడన్నది అతని సొంత విషయమని అరవై ఏళ్ళ కిందటే చెప్పినవారిలో తెలుగువాడొకరున్నారు. రాజమండ్రిలో పుట్టి భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1962లో ఖరక్ సింగ్ కేసులో ఇచ్చిన భిన్నాభిప్రాయంలో గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నారు. అప్పుడది మైనారిటీ తీర్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చింది.

దాని వెనకే 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత పద్దెనిమిది నెలలకు, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. అందులో మనకు పనికొచ్చేవి మూడున్నాయి. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం అంతే తేలికగా ఉండాలి. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలివ్వాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్ళ మీద కన్నేసి ప్రకటనలు చూపకూడదు. మన వివరాలకు భద్రత కల్పించలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

చట్టం పనిచేయడం మొదలయ్యేదాకా మోసగాళ్ళు ఆగరు. "మీ డిష్ కేవైసీ గడువు అయిపోయింది, ఈ లింకు నొక్కండి" అని ఫోన్లు వస్తుంటాయి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికితే నకిలీ నంబర్లు ఎదురవుతాయి. బాక్సు మీదో, బిల్లు మీదో, కంపెనీ యాప్‌లోనో ఉన్న నంబరుకే చేయండి. ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

ఈ ఆదివారం అరగంట

కాఫీ తాగాక ఈ ఆరు పనులూ వరసగా చేసేయండి.

ఒకటి: కిందటి బిల్లు తీసి కెపాసిటీ ఫీజు, చానళ్ళ ధర, జీఎస్టీ విడివిడిగా రాయండి. బిల్లే లేకపోతే అడిగి తీసుకోండి.

రెండు: కనెక్షన్ మీద ఎవరి మొబైల్ నంబరు ఉందో చూడండి. మీది కాకపోతే మార్పించండి.

మూడు: చూడని ప్యాకు ఒక్కటైనా తీయించండి. రెండో టీవీ ఉంటే పాత 40 శాతం లెక్క గుర్తుచేసి తగ్గింపు అడగండి.

నాలుగు: యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి చూడని ఓటీటీలను రద్దు చేయండి.

ఐదు: టీవీ సెట్టింగుల్లో చూసే వివరాల సేకరణ ఆపేయండి.

ఆరు: ఓటీటీ అకౌంట్లలో పాత పరికరాలన్నింటినీ బయటికి పంపి పాస్‌వర్డ్ మార్చండి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ట్రాయ్ ఇచ్చిన హక్కులైనా, టీవీలో దాగిన మీటలైనా ఆ సామెతకు లోబడినవే. వాటంతటవే మన తరఫున పనిచేయవు. నెలకు వంద రూపాయలు తగ్గినా ఏడాదికి పన్నెండొందలు మిగులుతాయి. ఈసారి కేబుల్ అబ్బాయి వచ్చినప్పుడు డబ్బిచ్చే ముందు రసీదు అడగండి, అందులో ప్రతి పంక్తికీ లెక్క చెప్పమనండి. అతనితో తగువు పడాల్సిన పని లేదు, అడిగే ఇళ్ళు వీధిలో నాలుగైనా ఉన్నాయని అతనికి తెలిస్తే చాలు.